గుర్తులేని మూడేళ్లు

మనిషి తన జన్మ మొత్తంలో మహారాజులా బతికేది మొదటి మూడేళ్లే. పనిలేదు, పాటు లేదు, అప్పుల్లేవు, పరీక్షల్లేవు. ఏడిస్తే పదిమంది పరిగెత్తుకొస్తారు, నవ్వితే ఆ పదిమందీ మురిసిపోతారు. నోట్లో ఒక్క ముద్ద పెట్టడానికి ఆకాశంలోని చందమామను బతిమాలి పిలుస్తారు. తీరా చూస్తే ఆ వైభవంలో ఒక్క పూట కూడా మనకు గుర్తుండదు. పదమూడో ఎక్కం రాక గోడకుర్చీ వేసిన రోజు గుర్తుంటుంది. ఎవరి పెళ్లిలోనో వడ్డించేవాడు మన విస్తరి దాటేసి పక్కవాడికి లడ్డు వేసిన సంగతి ముప్పయ్యేళ్ల తర్వాత కూడా గుర్తుంటుంది. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి.

"నాకు ఉయ్యాల్లో పడుకున్నది కూడా గుర్తే" అనేవారు ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. వాళ్లతో వాదించకండి, చుట్టరికం చెడుతుంది. శాస్త్రజ్ఞులు మాత్రం ఒప్పుకోరు. ఈ మరుపును పట్టించుకుని 1905లోనే ఫ్రాయిడ్ దానికొక పేరు పెట్టాడు, కారణం కూడా తనకు తోచినట్టు చెప్పాడు. ఆయన చెప్పిన కారణాన్ని ఇప్పుడెవరూ పెద్దగా నమ్మరు గానీ మరుపు మాత్రం నిజం. పెద్దవాళ్లను అడిగితే మూడు, మూడున్నరేళ్లకు ముందు సంగతి చెప్పగలిగినవారు అరుదు. అంతకన్నా వింత ఇంకొకటుంది. అయిదారేళ్ల పిల్లల్ని కూర్చోబెట్టి అడిగితే మూడేళ్లప్పటి సంగతులు సగానికి పైగా చెబుతారట. అదే పిల్లలకు ఎనిమిది తొమ్మిదేళ్లు వచ్చేసరికి వాటిలో చాలామట్టుకు చెరిగిపోతాయట. అంటే మొదటినుంచీ లేకపోవడం కాదు, ఉండి పోవడం. పలక పట్టి, అక్షరాలు దిద్ది, సొంతంగా నాలుగు వాక్యాలు రాయడం వచ్చేవేళకు రాయవలసిన సరుకు కాస్తా చెయ్యిజారిపోతుందన్నమాట. దేవుడికి హాస్యప్రియత్వం కొంచెం ఎక్కువే.

కాబట్టి మన మొదటి మూడేళ్ల లెక్కా మన దగ్గర ఉండదు. ఇంకొకరి దగ్గర ఉంటుంది. వాళ్లు దాన్ని ఎలా దాచాలి, ఎంత దాచాలి, ఎవరి కోసం దాచాలి అన్నదే నా ప్రశ్న.

మాది మోతె. సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద ఊరు. 2016 అక్టోబరు 11 దాకా నల్లగొండ జిల్లా, ఆ రోజు నుంచి సూర్యాపేట జిల్లా. మా ఇంట్లో పెద్దవాళ్ల కాగితాల మీద ఒక జిల్లా, పిల్లల కాగితాల మీద ఇంకో జిల్లా ఉంటాయి, పుట్టింది మాత్రం అదే గదిలో. మా ఊళ్లో వెనకటివాళ్లకు పుట్టిన తేదీలు ఉండేవి కావు. సంఘటనలుండేవి. రజాకార్ల గోలప్పుడు కడుపులో ఉన్నాడు, పోలీసు యాక్షన్ అయ్యాక పుట్టాడు, పెద్దగట్టు జాతరకు ముందు బోర్లపడ్డాడు, ఇలా. దురాజ్‌పల్లి దగ్గరి పెద్దగట్టు జాతర రెండేళ్లకొకసారి వస్తుంది. ఏ జాతరో మరిచిపోతే మనిషి వయసు సునాయాసంగా రెండేళ్లు అటూ ఇటూ అయ్యేది. బడిలో చేర్చడానికి తీసుకెళ్తే పంతులుగారు చెయ్యి తలమీదుగా పోనిచ్చి అవతలి చెవి అందుకోమనేవారు. అందితే అయిదేళ్లు నిండినట్టే. ఆయనకు తోచిన తారీఖు ఒకటి రిజిస్టరులో పడేది. అలా మా పెద్దనాన్న కొడుకులిద్దరూ ఒకే రోజున పుట్టారు, మూడేళ్ల తేడాతో.

నవ్వుకుంటాం గానీ, ఆ ఊరికే ఇంకో రిజిస్టరు ఉండేది. అది పిండితో రాసేది. పిల్ల బోర్లపడితే బొబ్బట్లు, మా వైపు బక్ష్యాలంటారు. అడుగులు వేస్తే అరిసెలు. పలుకులకు పంచదార చిలకలు. చేసినవి ఇంట్లోవాళ్లు తినేస్తే సరిపోదు, వాడకట్టులో ప్రతి ఇంటికీ పంచాలి. తీపి కోసమే ఆచారం పెట్టారనుకునేదాన్ని చిన్నప్పుడు. ఇప్పుడనిపిస్తోంది, అది సాక్షి సంతకాలు తీసుకోవడమని. అరిసె తిన్న ప్రతి ఇల్లూ ఆ పిల్లవాడి మొదటి అడుగుకు బాధ్యురాలైంది. "మీవోడు నడిస్తే అరిసెలు పంచిన్నాడే మా బర్రె ఈనింది" అని ఎదురింటి ఆమె ఇరవయ్యేళ్ల తర్వాత కూడా చెప్పగలిగేది. తల్లి మరిచిపోయినా ఊరు మరిచిపోయేది కాదు. బర్రె మరిచిపోనిచ్చేది కాదు.

ఈ ఏర్పాటులో ఒక లోపం ఉంది. తేదీ మిగిలేది, పిల్ల మిగిలేది కాదు. అడుగు వేసిన సంగతి అందరికీ తెలుసు, ఎవరివైపు వేసింది? జాతకం రాయించేవారు, అది జరగబోయేదాన్ని గురించి. 1975 అక్టోబరు 2న మన దేశంలో అంగన్‌వాడీల పథకం మొదలైంది. ఆ తర్వాత అంగన్‌వాడీ టీచరు నెలనెలా బిడ్డను తూకం వేసి చీటీ మీద చుక్క పెట్టడం, ఆ చుక్క ఆకుపచ్చలో ఉందా పసుపులోకి జారిందా చూడడం ఊరూరా అలవాటయింది. మంచిదే. ఆ చుక్కలు ఎందరి ప్రాణాలు నిలబెట్టాయో. కానీ ఆ చీటీలో బిడ్డ బరువుంటుంది, బిడ్డ ఏమన్నదో ఉండదు.

ఇప్పుడు ఫోనుంది కదా అంటారు. ఉంది. హైదరాబాదులో ఉండే మా మేనకోడలికి రెండున్నరేళ్ల కొడుకు. వాడివి దాని ఫోనులో పదకొండు వేల ఫొటోలున్నాయి. నేను లెక్కపెట్టలేదు, ఫోనే చెప్పింది. "వాడు నీళ్లను ఏమనేవాడే?" అని అడిగాను. కాసేపు ఆలోచించింది. "ఏదో అనేవాడు అత్తమ్మా... భలే అనేవాడు..." అని ఆగిపోయింది. పదకొండు వేల బొమ్మల్లోనూ ఆ మాట లేదు. మరో సంగతి దానికే తట్టింది. ఆ పదకొండు వేలలోనూ తను లేదు. తీసేది తనే కాబట్టి.

ఆ మర్నాడే ఒక లాంగ్ నోటుబుక్కు కొనుక్కొచ్చుకుంది. ఏం రాయాలో, ఎవరికోసం రాయాలో తెలియక నాకు ఫోను చేసింది. నవలలు రాసేదాన్నని నాకు అన్నీ తెలుసునని దాని భ్రమ.

ముందు మాటలు రాయమన్నాను. చార్లెస్ డార్విన్ అంతటివాడు చేసిన పని అదే. ఆయన మొదటి కొడుకు 1839 డిసెంబరులో పుడితే, వాడికి కోపం ఎప్పుడొచ్చింది, భయం ఎప్పుడేసింది, తండ్రిని చూసి ఎప్పుడు నవ్వాడు అని చీమల బారును చూసినంత ఓపికగా రాసుకున్నాడు. ముప్పయ్యేడేళ్ల తర్వాత 1877లో ఆ రాతల్ని ఒక వ్యాసంగా వేశాడు. సరిగ్గా ఏడాది నిండేసరికి వాడు తిండికి సొంతంగా 'మమ్' అని ఒక మాట కల్పించుకున్నాడని అందులో ఉంది. ఎవరూ నేర్పలేదట. మన పిల్లలకు బువ్వ, ఆమ్, లాల, జోజో అని మనమే ఒక నిఘంటువు తయారుగా పెట్టి ఉంచుతాం. అయినా దాన్ని కాదని ప్రతి పిల్లా రెండు మూడు మాటలు సొంతంగా పుట్టిస్తుంది. వాటికి ప్రపంచంలో మాట్లాడేవాళ్లు ఒక్కరు, అర్థమయ్యేవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఆరు నెలల్లో ఆ భాష చచ్చిపోతుంది. పులులు తగ్గిపోతున్నాయని లెక్కలు తీస్తాం, దీనికి ఏడ్చేవాళ్లెవరూ లేరు.

ఏం రాయాలన్నది అంత కష్టం కాదు. ఎవరికోసం అన్న దగ్గరే చిక్కంతా.

ఇంగ్లీషు నవలా రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్ ఇంకా నవలలు మొదలుపెట్టక ముందు, 1835 మార్చిలో, ఆరు నెలల కూతురు మేరియన్ గురించి ఒక డైరీ మొదలుపెట్టింది. మూడున్నరేళ్ల పైచిలుకు రాసింది. దాన్ని కూతురికే అంకితం చేసింది. తను బతికి లేకపోతే ఆ పిల్లకు అందాలని రాసింది. ఎందుకంత భయం? ఆమె తల్లి, ఆమెకు పదమూడు నెలలప్పుడే పోయింది. తనను కన్న మనిషి తనను చూసి ఏమనుకునేదో తెలియకుండా పెరిగిన పిల్ల ఆమె. తన కూతురికి ఆ కరువు రాకూడదనుకుంది. ఆ డైరీలో కూతురు ఎంత ఉందో తల్లి అంత ఉంది. బిడ్డను మరీ విగ్రహంలా పూజిస్తున్నానేమోనని బెంగ, ఓపిక చాలడంలేదేమోనని సందేహం, అన్నీ ఉన్నాయి. బతికున్నన్నాళ్లూ దాన్ని అచ్చుకివ్వలేదు. కొద్ది ప్రతులు వేసింది 1923లో, ఆమె పోయిన యాభై ఏళ్లకు పైగా అయ్యాక.

ఇంకోవైపు ఏ. ఏ. మిల్న్ ఉన్నాడు. 'విన్నీ ద పూ' ఆయనదే. 1926లో వచ్చింది. ఎలుగుబంటి బొమ్మ, దాన్ని ఈడ్చుకుంటూ తిరిగే చిన్న కుర్రాడు, ఆ కుర్రాడికి తన కొడుకు పేరే, క్రిస్టఫర్ రాబిన్. లోకమంతా ఆ పిల్లవాడిని ఎత్తుకుని ముద్దాడింది. ఆ పిల్లవాడు మాత్రం పెద్ద బడికి వెళ్లాక, తన చిన్నతనాన్ని గ్రామఫోను రికార్డుగా పెట్టి తోటిపిల్లలు ఏడిపిస్తుంటే కుంగిపోయాడు. పెద్దయ్యాక ఉద్యోగం దొరక్క తిరుగుతున్న రోజుల్లో, నాన్న నా పసి భుజాలెక్కి పైకి పోయాడు, నా పేరు నాకు కాకుండా చేశాడు అని మనసులో రగిలాడు. 1974లో రాసిన తన జ్ఞాపకాల పుస్తకంలో ఆయనే చెప్పుకున్నాడు. ఆ పుస్తకం రాయడంతో కోపం చాలావరకు తీరిందని కూడా చెప్పుకున్నాడు లెండి. కానీ తన బాల్యాన్ని తండ్రి దగ్గర్నుంచి తిరిగి తెచ్చుకోవడానికి మనిషికి యాభై ఏళ్లు పట్టడం తక్కువ సంగతా?

మా జాతి మనుషులే ఈ విషయంలో ఎక్కువ ప్రమాదకరం. నవలలు రాసేవాళ్ల ఇంట్లో పుట్టిన పిల్ల తుమ్మినా సరే ఎక్కడో అచ్చులో వినబడుతుంది. ఇప్పుడు ఆ ప్రమాదం అందరికీ వచ్చింది. పిల్లవాడు బకెట్లో కూర్చుని స్నానం చేస్తుంటే మధ్యాహ్నానికల్లా మూడువందల మంది వాట్సాప్ స్టేటస్‌లో చూస్తున్నారు. వాడు పదిహేనేళ్లవాడైతే తన బకెట్టును తానెలా దాచుకోవాలి? అరిసెలు పంచితే వాడకట్టు తినేది, దానితో సరి. ఈ పంచడానికి వాడకట్టు లేదు, అంతూ లేదు. మేనకోడలికి మొదటి షరతు అదే పెట్టాను. నోటుబుక్కులో రాసింది నోటుబుక్కులోనే ఉండాలి. అది వాడి సొత్తు, నీ దగ్గర తాకట్టులో ఉంది.

"వాడి సొత్తంటే వాడు చెయ్యనివి రాయొద్దు కదా అత్తమ్మా, నేను అనుకున్నవి రాయొద్దా?" అంది. చురుకైన పిల్ల. అసలు ప్రశ్న అదే.

జ్యాఁ పియాజే పేరు బి.ఎడ్. చదివినవాళ్లందరికీ తెలిసే ఉంటుంది, పరీక్షలకోసమైనా. పిల్లల మనసు ఎలా ఎదుగుతుందో మనకు చెప్పిన పెద్దమనిషి. ఆయనకు తన పసితనపు జ్ఞాపకం ఒకటి కళ్లకు కట్టినట్టు ఉండేది. పారిస్‌లో పెద్ద వీధిలో ఆయా తోపుడుబండిలో కూర్చోబెట్టి తీసుకెళ్తుంటే ఒకడు పిల్లవాణ్ణి ఎత్తుకుపోబోయాడు, ఆయా అడ్డుపడింది, ఆమె మొహం మీద గీతలు పడ్డాయి, జనం పోగయ్యారు, పోలీసు వచ్చాడు. అన్నీ కనిపించేవట, గీతలతో సహా. ఆయనకు పదిహేనేళ్లప్పుడు ఆ ఆయా దగ్గర్నుంచి ఇంటికి ఉత్తరం వచ్చింది. ఆనాడు కానుకగా ఇచ్చిన గడియారం కూడా వెనక్కు పంపింది. అదంతా నేను కల్పించి చెప్పానండీ, ఎవడూ రాలేదు, క్షమించండి అని. పియాజే చూసింది సంఘటనను కాదు. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకుంటే విన్నదాన్ని. అది ఆయన కళ్లలోకి ఎక్కి కూర్చుంది.

మనసుల గుట్టు విప్పినవాడికే అలా జరిగితే మన పిల్లలెంత? మనం చెప్పిందే వాళ్లకు జ్ఞాపకం అవుతుంది. రాస్తే ఇంకా గట్టిపడుతుంది. ఒక ఇంట్లో అక్కాచెల్లెళ్లను చూశాను. పెద్దది 'శాంతం', చిన్నది 'మొండి' అని తల్లి వాళ్లు రెండేళ్లవాళ్లుగా ఉన్నప్పుడే తీర్పు చెప్పేసింది. సాక్ష్యం కింద చిన్నది పాలగ్లాసు విసిరికొట్టిన కథ ఒకటుంది. వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆ చిన్నదానికిప్పుడు ముప్పయ్యయిదేళ్లు. ఆఫీసులో ఎవరైనా న్యాయంగా తనమాట కాదన్నా సరే, "నేను చిన్నప్పట్నుంచీ మొండినేనండీ" అంటుంది, ఏదో జన్మనక్షత్రం చెప్పినట్టు. ఆ పూట పాలు కాలుతున్నాయేమో ఎవరు చూశారు?

అందుకని, పిల్ల ఏమి చేసిందో రాయి, పిల్ల ఎలాంటిదో రాయకు అన్నాను. 'గ్లాసు విసిరింది' అన్నది వార్త. 'మొండిది' అన్నది శిక్ష.

మోతెలో మా పెద్దమ్మకు ఈ గొడవంతా చెబితే ఆమె అసలు పని మొత్తం కొట్టిపారేసింది. ఆమెకు డెబ్బయ్యెనిమిదేళ్లు, అయిదుగురిని పెంచింది, అక్షరం రాదు. "రాసుడెందుకే బిడ్డా? యాది లేకపోవుడే మంచిది. మేం కొట్టిన దెబ్బలు, పస్తులుంచిన రోజులు వాండ్లకు యాదికుంటే ఇయ్యాల మమ్ముల సాకుతరా?" అంది. నవ్వేశాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. నిజమే. ప్రకృతి ఆ మూడేళ్లను తుడిచేస్తుందంటే, తల్లికీ బిడ్డకూ మధ్య ఉన్న పాత బాకీలన్నిటినీ కొట్టేస్తుందన్నమాట. మనం పుస్తకం పెట్టి కూర్చుని ఆ బాకీలను మళ్లీ తిరగరాయడం ఏమి ధర్మం? పెద్దమ్మ వాదానికి నా దగ్గర చాలారోజులు జవాబు లేకపోయింది.

జవాబు పుస్తకాల షెల్ఫులో దొరికింది. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకం చాలామంది చదివే ఉంటారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరకు వెళ్లి, వాళ్లు చెప్పింది విని, వాళ్ల మాటల్లోనే రాశారు. మా జిల్లా కరివిరాల కొత్తగూడెం బిడ్డ మల్లు స్వరాజ్యం గారు కూడా అందులో మాట్లాడారు. ఆ పుస్తకంలో కమలమ్మ అనే ఆమె ఉంది. అడవిలో దళంతో తిరిగే రోజుల్లో ఆమెకు బిడ్డ. వెంటాడే వాళ్లున్నచోట చంటిబిడ్డ ఏడుపు ఎంతమంది ప్రాణాలకు ముప్పో వేరే చెప్పక్కర్లేదు. బిడ్డనైనా ఇచ్చెయ్యాలి, దళాన్నైనా వదలాలి. ఆమె బిడ్డను ఇచ్చేసింది. ఫొటో లేదు, జాతకం లేదు, అరిసెలు పంచిన వాడకట్టు లేదు. దశాబ్దాల తర్వాత ఎవరో వచ్చి అడిగితే చెప్పింది. ఆ చెప్పడంలో పోరాటం ఎంత ఉందో ఆ బిడ్డా అంత ఉంది.

చదువుతుంటే నాకు తోచిందేమిటంటే, ఆ బిడ్డకు దక్కవలసింది తన పసితనం కథ కాదు. తనను చేతుల్లోంచి దించేటప్పుడు ఒక తల్లికి ఏమైందో, అది. ఏ బిడ్డకైనా మరిచిపోయినవాటిలో అన్నింటికన్నా పెద్ద నష్టం అదేనేమో. తనెలా ఉందో అద్దంలో, ఫొటోల్లో, తన పిల్లల్లో కొంచెం కొంచెం దొరుకుతుంది. అప్పటి అమ్మ మాత్రం ఎక్కడా దొరకదు. పాతికేళ్ల అమ్మ, నిద్రలేని అమ్మ, బిడ్డకు జ్వరమొస్తే దేవుడితో బేరమాడే అమ్మ. మనకు జ్ఞానం వచ్చేసరికి ఆవిడ వెళ్లిపోయి ఇంకొకావిడ వచ్చి ఉంటుంది, పరీక్ష మార్కులడిగే ఆవిడ.

నా సంగతి చెబుతాను. మా అమ్మ అయిదో తరగతి చదివింది. నా గురించి ఏమీ రాసిపెట్టలేదు. రాసే తీరికా లేదు, రాయాలన్న ఊహా లేదు. ఆమె పోయాక ఆమె రేకుపెట్టె సర్దుతుంటే అడుగున పరిచిన కాగితాలు బయటికి వచ్చాయి. పాత గోడ క్యాలెండరు కాగితాలు. మా ఇళ్లలో క్యాలెండరు ఏడాది తిరిగాక కూడా రిటైరవదు. పుస్తకాలకు అట్టలకో, పెట్టె అడుగుకో పోతుంది. 1983 నాటి కాగితం ఒకటి. నాకప్పుడు రెండేళ్లు. పాలలెక్క చుక్కలు, కూలివాళ్ల పేర్లకెదురుగా గీతలు, ఒక గడిలో పెన్సిలుతో, గడి చాలక పక్క గడిలోకి పాకి ఇలా ఉంది: "పాపకు జరం తగ్గింది. ఇయ్యాల అన్నం తిన్న."

మొదట నేను అన్నం తిన్నాననే చదువుకున్నాను. రెండోసారి చూస్తే 'తిన్నది' అని లేదు, 'తిన్న' అని ఉంది. మా భాషలో ఆ ఒక్క అక్షరం తేడా చాలా పెద్దది. అన్నం తిన్నది పాప కాదు, అమ్మ. పెద్దమ్మను అడిగాను. "నాలుగొద్దులు జరం కొట్టింది నీకు. మీయమ్మ మంచం కోడు పట్టుకొని కూసున్నది, ఎవరు చెప్పినా వినలే" అంది, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

ఆ జ్వరం నాకు గుర్తులేదు, గుర్తు రాదు కూడా. ఆ నాలుగు రోజుల ఆకలి మాత్రం ఇప్పుడు నాకు తెలుసు. మా అమ్మకూ నాకూ తర్వాత చాలా వాదులాటలు జరిగాయి. చదువు దగ్గర, పెళ్లి దగ్గర, రాతల దగ్గర. కొన్ని తెగలేదు కూడా. ఆ కాగితం వాటిని తెంచిందని అబద్ధం చెప్పను. కానీ వాటి పక్కన ఇది కూడా ఉంది ఇప్పుడు. పెద్దమ్మ చెప్పిన బాకీల లెక్కలో ఇంకోవైపు రాసుకోవలసిన పద్దు.

మేనకోడలు తర్వాత ఫోను చేసినప్పుడు గొంతు తగ్గించి అడిగింది. మొన్న రాత్రి వాడు రెండింటిదాకా నిద్రపోకపోతే విసుగెత్తి చెంప మీద ఒకటి కొట్టిందట. వాడు ఏడుస్తూ మళ్లీ దాని మెడకే చుట్టుకున్నాడట. తెల్లారి లేచాక వాడికేమీ గుర్తులేదు, నవ్వుతూ వచ్చాడు. "అది కూడా రాయాలా అత్తమ్మా? వాడికెట్లాగూ తెలవదు కదా."

వాడికి తెలవదు కాబట్టే అన్నాను. వాడికి గుర్తుండేదయితే నీ తరఫు నువ్వు రాయకపోయినా నడుస్తుంది, వాడి దగ్గర వాడి కథ ఉంటుంది. గుర్తుండని మనిషి గురించి రాసేటప్పుడు మనమే ఫిర్యాదీ, మనమే ముద్దాయి, మనమే జడ్జీ. మంచివి మాత్రమే ఏరి రాసి ఇస్తే అది తల్లికి తల్లి రాసుకున్న కాండక్టు సర్టిఫికేటు అవుతుంది. వాడు మెడకు చుట్టుకున్నది రాయాలంటే నువ్వు కొట్టింది రాయక తప్పదు, లేకపోతే ఆ చుట్టుకోవడానికి అర్థమేముంది? కొట్టాను, రెండయింది, ఆ వారమంతా నాకు నిద్రలేదు, తెల్లారి వాడు నవ్వితే నాకు ఏడుపొచ్చింది అని రాయి. బోధ చెయ్యకు, సమర్థించుకోకు, క్షమాపణ పేరుతో రెండు పేజీలు నింపకు. తేదీ వెయ్యి.

అలాగని అన్నీ రాయమని కాదు. ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య మాటలు, ఆస్తుల గొడవలు, వాడు పుట్టినప్పుడు ఎవరెవరు మగపిల్లాడని ఎగిరారు, ఎవరు ఎంత బంగారం పెట్టారు, ఇవి వాడి పుస్తకంలో ఎందుకు? వాటికి మా నవలలున్నాయి. వాడు ఏ రోజు అడిగితే ఆ రోజు ఇచ్చెయ్యాలి. అడక్కపోతే రేకుపెట్టెలో ఉంటుంది. చదివి చింపేస్తే చింపేసుకోనీ, వాడిదే కదా.

ఈసారి బతుకమ్మ పండక్కి మేనకోడలు కొడుకుతో మోతె వచ్చింది. నోటుబుక్కు సంచిలో ఉంది. వాడు పెద్దమ్మ ఒళ్లో కూర్చుని గిన్నెడు గటక తిన్నాడు, హైదరాబాదులో ఇడ్లీకి కూడా నోరు తెరవని వాడు. రాత్రి అది రాసుకుంటుంటే పెద్దమ్మ మంచం మీంచి చూస్తూ, "ఏం రాస్తున్నవే?" అంది. చదివి వినిపించింది: 'ఇవాళ పెద్దవ్వ గటక తినిపించింది. గిన్నెంతా తిన్నాడు. నేను పెడితే ఎప్పుడూ అంత తినలేదు.'

పెద్దమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గటకల సల్ల పోసిన్నే. అది రాయలే నువ్వు" అంది.

మేనకోడలు మళ్లీ పెన్ను తీసింది.